ఊక పొగకు అనుమతి: గాలి కాలుష్యంపై పీసీబీ ఇచ్చే కాగితం ఏం చెబుతుంది, ఏం చెప్పదు

సార్వా ధాన్యం కళ్లాల నుంచి మిల్లులకు చేరే రోజుల్లో గోదావరి డెల్టా పట్టణాల్లో ఒక ఫిర్యాదు ఏటా వినిపిస్తుంది. ఆరేసిన బట్టల మీద నల్లటి నుసి పడుతోందని, డాబాల మీదా నీళ్ల తొట్లలోనూ బూడిద పేరుకుంటోందని మిల్లుల పక్క కాలనీల వారు సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తారు. మిల్లు యాజమాన్యం ఇచ్చే జవాబు కూడా దాదాపు మారదు: ‘మాకు కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) అనుమతి ఉంది’. ఆ మాట అర్జీదారుకు దబాయింపులా వినిపిస్తుంది, ఆ అర్జీ యజమానికి వేధింపులా కనిపిస్తుంది. నిజానికి ఈ రెండు మాటలూ ఏకకాలంలో నిజం కావచ్చు. అనుమతి ఉన్న మిల్లు నుంచి నుసి రావచ్చు; నుసి వస్తున్నంత మాత్రాన ఆ మిల్లు చట్టాన్ని ఉల్లంఘించినట్టు తేలిపోదు. ఈ చిక్కు ఎందుకు వస్తుందో తెలియాలంటే ఆ కాగితం ఏ చట్టం కింద పుడుతుంది, దానిలో ఏముంటుంది, అందులోని అంకెలను ఎక్కడ ఎలా కొలుస్తారు అన్నది వరుసగా చూడాలి.

రెండు దశల అనుమతి, దానితో కలిసిపోయే ఇతర కాగితాలు

దేశంలో గాలి కాలుష్యానికి మూల చట్టం 1981 నాటి వాయు కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం. దీని 21వ సెక్షన్ ప్రకారం, వాయు కాలుష్య నియంత్రణ ప్రాంతంగా ప్రకటించిన చోట రాష్ట్ర మండలి ముందస్తు సమ్మతి (వాడుకలో అనుమతి అనేది దీన్నే) లేకుండా ఎవరూ పరిశ్రమను నెలకొల్పకూడదు, నడపకూడదు. మొదట్లో ఈ నిబంధన చట్టం షెడ్యూలులో పేర్కొన్న కొన్ని రకాల పరిశ్రమలకే వర్తించేది. 1987 సవరణతో ఆ షెడ్యూలు పోయి, పరిధి అన్ని పారిశ్రామిక ప్లాంట్లకూ విస్తరించింది.

నెలకొల్పడం, నడపడం అన్న రెండు మాటల నుంచే రెండు దశలు వచ్చాయి. పునాది తీయకముందు తీసుకునేది స్థాపనకు సమ్మతి. మన దగ్గర మిల్లర్లు, కన్సల్టెంట్లు దీన్ని సీఎఫ్‌ఈ అంటారు. యంత్రాలు బిగించి, ఉత్పత్తి మొదలుపెట్టే ముందు తీసుకునేది నిర్వహణకు సమ్మతి, అంటే సీఎఫ్‌ఓ. మొదటిది ‘ఇక్కడ, ఈ పరిమాణంలో, ఈ నియంత్రణ పరికరాలతో కట్టుకోవచ్చు’ అంటుంది. రెండోది ‘కట్టినది ఒప్పుకున్నట్టే ఉంది, ఈ గడువు దాకా ఈ షరతులతో నడపవచ్చు’ అంటుంది. ఈ రెండో కాగితం స్వభావం కౌలు కాగితానిదే: గడువూ ఉంటుంది, షరతులూ ఉంటాయి, షరతు తప్పితే మధ్యలోనే రద్దు చేసే హక్కు ఇచ్చినవారి దగ్గరే ఉంటుంది.

దరఖాస్తుపై నాలుగు నెలల్లో నిర్ణయం చెప్పాలని చట్టం గడువు పెట్టింది. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. 1974 నాటి జల కాలుష్య చట్టంలో నాలుగు నెలలు దాటినా మండలి ఏమీ తేల్చకపోతే సమ్మతి ఇచ్చినట్టే భావించే నిబంధన ఉంది. వాయు చట్టంలో అలాంటిది లేదు. ఒకే దరఖాస్తులో నీటికీ గాలికీ కలిపి సమ్మతి అడగడం మామూలైపోవడంతో, ఒక చట్టంలోని వెసులుబాటు రెండోదానికీ ఉందనుకునేవారు కనిపిస్తారు.

సీఎఫ్‌ఓతో కలగాపులగమయ్యే కాగితాలు ఇంకా ఉన్నాయి. పంచాయతీ లేదా పురపాలక సంఘం ఇచ్చే లైసెన్సు స్థానిక సంస్థ వ్యవహారం. ఫ్యాక్టరీల శాఖ లైసెన్సు కార్మికుల భద్రతకు సంబంధించినది. బాయిలర్ల తనిఖీ ధ్రువపత్రం ఆ బాయిలరు పీడనాన్ని తట్టుకుంటుందని చెబుతుంది తప్ప, దాని పొగగొట్టం నుంచి ఏం వస్తుందో చెప్పదు. వీటిలో ఏదీ సీఎఫ్‌ఓకు బదులు కాదు.

అన్నిటికంటే పెద్ద గందరగోళం పర్యావరణ అనుమతి విషయంలో ఉంది. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద కొన్ని రకాల ప్రాజెక్టులకు కేంద్ర పర్యావరణ శాఖ గానీ రాష్ట్ర స్థాయి సాధికార సంస్థ గానీ ఆ అనుమతి ఇవ్వాలి. అది వేరు, పీసీబీ సమ్మతి వేరు. ఒకటి ఉండి రెండోది లేకపోతే ఎలా ఉంటుందో విశాఖపట్నంలోని ఎల్‌జీ పాలిమర్స్ ఉదంతం చూపింది. 2020 మే 7న స్టైరిన్ అనే విష రసాయనపు ఆవిరి వెలువడి ప్రాణాలు తీసిన ఆ కర్మాగారం పీసీబీ సమ్మతితో నడుస్తూనే ఉంది. చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి మాత్రం దానికి లేదని తర్వాత బయటపడింది. మరుసటి రోజే పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయాలని ఆదేశించింది. సాధారణ రైసు మిల్లుకు ఆ నోటిఫికేషన్ వర్తించదు. కాబట్టి మిల్లు విషయంలో గాలికి సంబంధించిన ప్రధాన పత్రం సీఎఫ్‌ఓనే.

ఎరుపు నుంచి తెలుపు దాకా: ఏ పరిశ్రమ ఏ రంగులో ఉంటుంది

సమ్మతి ఎంత కఠినంగా ఉంటుంది, ఎంతకాలం చెల్లుతుంది అనేది పరిశ్రమ రంగును బట్టి ఉంటుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016లో గాలి, నీరు, ప్రమాదకర వ్యర్థాల భారాన్ని లెక్కగట్టి ప్రతి రకం పరిశ్రమకూ నూటికి ఇన్ని అని కాలుష్య సూచీ ఇచ్చింది. అప్పటి లెక్కలో సూచీ 60, ఆపైన ఉంటే రెడ్. 41 నుంచి 59 ఆరెంజ్. 21 నుంచి 40 గ్రీన్. 20, ఆ లోపు వైట్. రెడ్ పరిశ్రమకు అయిదేళ్లు, ఆరెంజ్‌కు పదేళ్లు, గ్రీన్‌కు పదిహేనేళ్ల దాకా సమ్మతి ఇవ్వడం అప్పట్లో స్థిరపడిన పద్ధతి. 2025లో ఈ వర్గీకరణను మళ్లీ సవరించి, వ్యర్థాల శుద్ధి వంటి సేవలు అందించే సంస్థల కోసం బ్లూ అనే వర్గాన్ని చేర్చారు.

మన ప్రాంతంలో రాజమహేంద్రవరం కాగితం మిల్లు, తణుకు చక్కెర కర్మాగారం, కాకినాడ ఎరువుల కర్మాగారాలు, సహజవాయువుతో నడిచే విద్యుత్ కేంద్రాలు ఉన్నాయి. కాగితపు గుజ్జు, చక్కెర, డిస్టిలరీ, ఎరువులు, థర్మల్ విద్యుత్ అన్నీ దేశంలో అత్యధికంగా కాలుష్యం కలిగించేవిగా గుర్తించిన 17 రకాల పరిశ్రమల జాబితాలోనివే. ఈ 17 రకాలూ ఉద్గారాలను నిరంతరం కొలిచి ఆన్‌లైన్‌లో పంపే పరికరాలు బిగించుకోవాలని కేంద్ర మండలి 2014లో ఆదేశించింది. అంటే పెద్ద కర్మాగారం గొట్టం లెక్క రోజంతా నమోదవుతుంది. మండపేట, పెద్దాపురం, తాడేపల్లిగూడెం వైపు వరుసగా కనిపించే మిల్లులు ఈ జాబితాలో లేవు. వాటి గొట్టాన్ని మనిషి ఎక్కి కొలిచిన రోజునే లెక్క తెలుస్తుంది. ఫిర్యాదులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే కాబట్టి ఈ వ్యాసం కూడా మిల్లు దగ్గరే ఎక్కువసేపు ఆగుతుంది.

సీఎఫ్‌ఓలో అసలు రాసి ఉండేవి

ఉప్పుడు బియ్యం మిల్లుకు ఇచ్చే సీఎఫ్‌ఓ కొన్ని పేజీల ఉత్తర్వు. రోజుకు ఎన్ని టన్నుల ధాన్యం ఆడవచ్చో, బాయిలరు గంటకు ఎన్ని టన్నుల ఆవిరి ఇస్తుందో, దానిలో ఏ ఇంధనం కాల్చాలో, జనరేటరు విద్యుత్ సామర్థ్యం ఎన్ని కేవీఏలో మొదట రాస్తారు. ఆ తర్వాత గొట్టాల పట్టిక ఉంటుంది: ఏ గొట్టం దేనికి, ఎంత ఎత్తు, ఏ నియంత్రణ పరికరం, వెలువడే గాలిలో ధూళి ఎంతకు మించకూడదు. ఊక, బూడిద నిల్వ చేసే పద్ధతి, లోపలి రోడ్ల మీద నీళ్లు చల్లడం, చెట్ల పెంపకం, పరీక్షా నివేదికలు పంపాల్సిన గడువు వంటి షరతులు చివర్లో వస్తాయి.

ఈ వరుసలో జనం పట్టించుకునేది సాధారణంగా ఒక్క ధూళి పరిమితినే. నా దృష్టిలో మొదటి రెండు పంక్తులకు, అంటే సామర్థ్యానికీ ఇంధనానికీ, అంతకంటే ఎక్కువ బరువుంది. రోజుకు 50 టన్నులకు సమ్మతి పొందిన మిల్లు సీజనులో 80 టన్నులు ఆడితే, గొట్టం దగ్గర ధూళి సాంద్రత పరిమితిలోనే ఉన్నా అది సమ్మతి ఉల్లంఘనే. ఊకకు అని రాయించుకుని బొగ్గు కాల్చినా అంతే; బొగ్గుతో గంధకం వస్తుంది, బూడిద స్వభావం మారుతుంది. ఈ ఉల్లంఘనలను పట్టుకోవడానికి గొట్టం ఎక్కాల్సిన పని లేదు. ధాన్యం రిజిస్టరు, కరెంటు బిల్లు చాలు.

ఒక ఊక బాయిలరు లెక్క

పరిమితి అంకె వెనక ఏముందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. గంటకు 3 టన్నుల ఆవిరి ఇచ్చే బాయిలరుకు గంటకు సుమారు ఒక టన్ను ఊక కావాలి. ధాన్యం బరువులో దాదాపు అయిదో వంతు ఊకే కాబట్టి, అది అయిదు టన్నుల ధాన్యం ఆడితే వచ్చే ఊక. వరి ఊకలో బూడిద పాలు చాలా ఎక్కువ, రకాన్ని బట్టి 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. 20 శాతం అనుకుంటే గంటకు 200 కిలోల బూడిద. అందులో సగం పొయ్యి అడుగున రాలి, మిగతా 100 కిలోలు వేడిగాలితో పాటు గొట్టం వైపు లేస్తుందనుకుందాం. టన్ను ఊక కాలితే వచ్చే పొగ పరిమాణాన్ని 8,000 ఘనపు మీటర్లుగా తీసుకుందాం. పొగ వేడికి వ్యాకోచిస్తుంది గనుక దాన్ని ప్రామాణిక ఉష్ణోగ్రతకు, పీడనానికి సరిచేసి లెక్కిస్తారు. అలా సరిచేసిన ఘనపు మీటరునే నార్మల్ ఘనపు మీటరు అంటారు.

గొట్టానికి ముందు పొగను సుడి తిప్పి ధూళిని పడగొట్టే మల్టీ సైక్లోన్ ఉంది, అది 90 శాతం ధూళిని పట్టేస్తుంది అనుకుంటే 10 కిలోలు బయటికి పోతాయి. 10 కిలోలను 8,000తో భాగిస్తే ఘనపు మీటరుకు 1,250 మిల్లీగ్రాములు. 95 శాతం పట్టే మెరుగైన సైక్లోన్ అయితే 625. పొగను గుడ్డ సంచుల గుండా వడకట్టే బ్యాగ్ ఫిల్టరు పెట్టి 99 శాతం పట్టినా 125.

చిన్న బాయిలర్లకు దేశవ్యాప్త ప్రమాణాల్లో పరిమితి సామర్థ్యాన్ని బట్టి మారుతుంది. గంటకు 2 నుంచి 10 టన్నుల లోపు ఆవిరి ఇచ్చేవాటికి 800 మిల్లీగ్రాములు. రాష్ట్ర మండలి అంతకంటే గట్టి పరిమితి పెట్టవచ్చు. మన రాష్ట్రంలో ఇచ్చే సమ్మతుల్లో 115 మిల్లీగ్రాముల అంకె తరచూ కనిపిస్తుంది. పై లెక్కలో 95 శాతం సైక్లోన్ 800కు సరిపోతుంది, 115కు మాత్రం దరిదాపుల్లోకి కూడా రాదు. 115 రావాలంటే 99 శాతం కంటే కొంచెం ఎక్కువే పట్టాలి. ‘మా మిల్లులో పొల్యూషన్ కంట్రోల్ మెషీన్ ఉంది’ అన్న జవాబు అసంపూర్ణం అవుతున్నది ఇందుకే; ఆ మెషీన్ ఏ రకం, సమ్మతిలో రాసిన అంకె ఎంత అనే రెండూ తెలిస్తే గానీ ఆ మాటకు అర్థం రాదు. పైగా సైక్లోన్ బరువైన రేణువులను బాగా పడగొడుతుంది, సన్నవాటిని వదిలేస్తుంది. ఊపిరితిత్తుల లోపలికి చేరేవి ఆ సన్నవే.

కొలతలో ఇంకో కీలకం ఉంది. గొట్టంలోకి బయటి గాలిని అదనంగా లాగితే పొగ పలచబడి, ఘనపు మీటరుకు ధూళి తక్కువ చూపిస్తుంది. బయటికి పోయే బూడిద మాత్రం ఒక్క గ్రాము కూడా తగ్గదు. దీన్ని అడ్డుకోవడానికే బాయిలరు కొలతలను 12 శాతం కార్బన్ డై ఆక్సైడ్ స్థాయికి సరిచేయాలని ప్రమాణం చెబుతుంది. పరీక్షలో 100 మిల్లీగ్రాములు వచ్చిందనుకోండి, అప్పుడు పొగలో కార్బన్ డై ఆక్సైడ్ 6 శాతమే ఉందనుకోండి. సరిచేసిన విలువ 100ను 12తో గుణించి 6తో భాగించినది, అంటే 200. సవరణ లేని నివేదికలో ఈ మిల్లు 115 లోపు ఉంది, సవరణతో ఉల్లంఘనలో ఉంది. ల్యాబ్ నివేదికలో కార్బన్ డై ఆక్సైడ్ గడి ఖాళీగా ఉంటే పక్కనున్న ధూళి అంకెను నమ్మడం కష్టం.

గొట్టం ఎత్తు తక్కువై, అపార్ట్‌మెంట్ ఎత్తు ఎక్కువైన చోట

సమ్మతిలోని అంకె మిల్లీగ్రాముల్లో ఉంటుంది. మనం పీల్చే గాలి ప్రమాణం మైక్రోగ్రాముల్లో ఉంటుంది. 2009 నవంబరులో ప్రకటించిన జాతీయ పరిసర వాయు నాణ్యతా ప్రమాణాల ప్రకారం 10 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు ధూళి 24 గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, ఏడాది సగటున 60 దాటకూడదు, 2.5 మైక్రాన్ల లోపు సన్నధూళికి ఆ పరిమితులు 60, 40. ఒక మిల్లీగ్రాము వెయ్యి మైక్రోగ్రాములు. 115 మిల్లీగ్రాముల పరిమితికి లోబడిన పొగ అంటే 1,15,000 మైక్రోగ్రాములున్న పొగ. అది నేలకు చేరేలోగా కనీసం వెయ్యింతలకు పైగా పలచబడాలి. ఆ పలచబడే పనిని గొట్టం ఎత్తుకూ గాలికీ అప్పగించారు.

ఎత్తుకూ లెక్కలున్నాయి. పెద్ద ప్లాంట్లకు గంటకు వెలువడే సల్ఫర్ డై ఆక్సైడ్ కిలోల సంఖ్యను 0.3 ఘాతానికి హెచ్చించి 14తో గుణించాలి. ఎంత వచ్చినా 30 మీటర్లకు తగ్గకూడదు. ఈ సూత్రంలో ఉద్గారం రెట్టింపైతే ఎత్తు దాదాపు 23 శాతమే పెరుగుతుంది. జనరేటరుకైతే భవనం ఎత్తుకు, కేవీఏ సంఖ్య వర్గమూలంలో అయిదో వంతు మీటర్లు కలపాలి. 225 కేవీఏ జనరేటరు గొట్టం భవనం కంటే 3 మీటర్లు ఎత్తుండాలన్నమాట. చిన్న బాయిలర్లకు ఆవిరి సామర్థ్యాన్ని బట్టి కనీస ఎత్తు పట్టిక ఉంది: గంటకు 2 నుంచి 5 టన్నుల దాకా 12 మీటర్లు, 5 నుంచి 10 దాకా 15 మీటర్లు.

12 మీటర్లంటే సుమారు నాలుగంతస్తుల మేడ. మిల్లు కట్టినప్పుడు చుట్టూ వరి చేలు, కొబ్బరి తోటలు ఉంటే ఆ ఎత్తు చాలేదేమో. ఇప్పుడు అదే గొట్టం పక్కన అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ లేస్తే పొగ నోరు నాలుగో అంతస్తు కిటికీకి ఎదురుగా వస్తుంది. పట్టిక ప్రకారం మిల్లు తప్పు చేయలేదు, ప్లాను ప్రకారం బిల్డరూ తప్పు చేయలేదు, గది లోపల ఉన్న మనిషి మాత్రం పలచబడని పొగనే పీలుస్తాడు. సమ్మతి షరతులను మార్చే అధికారం 21వ సెక్షన్‌లోనే మండలికి ఉన్నా, పరిసరాలు మారినప్పుడల్లా షరతులు తమంతట తామే మారే ఏర్పాటు లేదు.

రుతువు రెండో చిక్కు. సార్వా కోతలు నవంబరు, డిసెంబరుల్లో వస్తాయి, మిల్లులు ఆ తర్వాతే రాత్రింబవళ్లు తిరుగుతాయి. సరిగ్గా అదే చలికాలపు రాత్రుల్లో నేలకు దగ్గర చల్లగాలి, దాని మీద వెచ్చటి గాలి మూతలా నిలిచి పొగను పైకి పోనివ్వవు. దాళ్వా తర్వాత ఎండాకాలంలో మిల్లు అంతే ఊక కాల్చినా, పగటి వేడికి పొగ పైకి లేచి సముద్రపు గాలికి చెదిరిపోతుంది. అంటే ఒకే మిల్లు, ఒకే గొట్టం, ఒకే అంకె ఏప్రిల్‌లో పెద్దగా కనిపించని ఇబ్బంది, డిసెంబరులో ఊరంతా మాట్లాడుకునే ఇబ్బంది అవుతుంది. సీఎఫ్‌ఓలోని పరిమితికి రుతువు తెలియదు.

మూడోది సంఖ్య. పై ఉదాహరణలోని మిల్లు 115 మిల్లీగ్రాముల పరిమితిని సరిగ్గా పాటిస్తే గంటకు 0.92 కిలోల ధూళి వదులుతుంది. రోజుకు 20 గంటలు నడిస్తే 18.4 కిలోలు. అలాంటివి పది మిల్లులున్న పట్టణంలో రోజుకు 184 కిలోలు. పదింటిలో ఏ ఒక్కటీ పరిమితి దాటలేదు. సమ్మతి ఒక్కొక్క పరిశ్రమకు విడిగా ఇచ్చేది. ఊరి మీద పడే మొత్తం భారాన్ని ఆ కాగితం లెక్కించదు. ఊరి గాలిని విడిగా కొలుస్తారు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో రాజమహేంద్రవరం, ఏలూరు ఉన్నాయి. నగరం ఆ జాబితాలోకి ఎక్కినంత మాత్రాన అక్కడి పరిశ్రమల సమ్మతుల్లోని అంకెలు వాటంతటవే బిగుసుకోవు. అలాగని నగరపు ధూళి అంతా పరిశ్రమలదీ కాదు. రోడ్ల దుమ్ము, వాహనాలు, చెత్త మంటలు, చేలలో కాల్చే గడ్డి దేనికీ సీఎఫ్‌ఓ ఉండదు. అన్నిటినీ మిల్లు ఖాతాలో రాయడం న్యాయం కాదన్న మిల్లర్ల మాటలో పస ఉంది.

గొట్టం కొలతకు అందని బూడిద, వాసన, మంట

కాలనీవాసులు చూసే నల్ల నుసి అంతా గొట్టం నుంచే రాకపోవచ్చు. ఆరుబయట పోసిన బూడిద కుప్ప, పరదా లేకుండా వెళ్లే బూడిద ట్రాక్టరు, ధాన్యం దులిపే చోట లేచే దుమ్ము, ఊక గుట్ట మీద వీచే గాలి కూడా అదే డాబా మీదికి తెస్తాయి. గొట్టం పరీక్ష వీటిని పట్టుకోదు. అందుకే సమ్మతిలో నిల్వ గురించి, కప్పిన షెడ్డు గురించి రాసే వాక్యాలకు ప్రాముఖ్యం. బ్యాగ్ ఫిల్టరుకు లక్షలు ఖర్చు పెట్టి, అది పట్టిన బూడిదను గోడ పక్కన ఆరుబయట పోసిన మిల్లు తన ఖర్చు తానే వృథా చేసుకున్నట్టు.

వాసన సంగతి ఇంకా క్లిష్టం. కలపను గంధక రసాయనాలతో ఉడికించే క్రాఫ్ట్ పద్ధతిలో గుజ్జు తీసే కాగితం మిల్లుల్లో హైడ్రోజన్ సల్ఫైడ్, మెర్కాప్టన్లు వంటి గంధక వాయువులు పుడతాయి. మనిషి ముక్కు వీటిని గాలిలో వంద కోట్ల పాళ్లలో కొన్ని పాళ్లున్నా పసిగడుతుంది. జాతీయ పరిసర ప్రమాణాల జాబితాలోని 12 కాలుష్యకాల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ లేదు. అందువల్ల వాసన వస్తోందన్న ఫిర్యాదు నిజమైనా, ఊరి గాలి నివేదికలో దానికి ఎదురుగా చూపించే అంకె ఉండదు. ఉంటే గింటే ఆ పరిశ్రమ సమ్మతిలోని గొట్టం పరిమితిలోనే ఉండాలి.

కోనసీమలో చమురు, సహజవాయువు కేంద్రాల దగ్గర కనిపించే మంటలకూ సమ్మతి వర్తిస్తుంది, కానీ అది రోజువారీ నిర్వహణకు. 1995 జనవరిలో పాశర్లపూడి బావిలో వాయువు అదుపు తప్పి ఎగజిమ్మి (బ్లోఅవుట్) రెండు నెలలకు పైగా మండినప్పుడు ఏ గొట్టం పరిమితికీ అక్కడ అర్థం లేకపోయింది. ప్రమాదవశాత్తూ పరిమితి మించి కాలుష్యం వెలువడితే వెంటనే మండలికి తెలపాలని వాయు చట్టం 23వ సెక్షన్ అంటుంది. ప్రమాదాన్ని ముందే నివారించే బాధ్యత వేరే భద్రతా చట్టాలది.

ఊరి మాటకు చోటు ఎక్కడ

పర్యావరణ అనుమతి అవసరమైన పెద్ద ప్రాజెక్టుల్లో చాలావాటికి ప్రజాభిప్రాయ సేకరణ ఉంది. కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇచ్చి, జిల్లా యంత్రాంగం అధ్యక్షతన సభ పెట్టి, వచ్చిన అభ్యంతరాలను నమోదు చేస్తారు. సీఎఫ్‌ఓకు అలాంటి సభ లేదు. మండలి, దరఖాస్తుదారు మధ్యే అది నడుస్తుంది. అమెరికాలో 1990 సవరణలతో వచ్చిన నిర్వహణ పర్మిట్ల పద్ధతి ఈ విషయంలో భిన్నంగా ఉంటుంది: పెద్ద కాలుష్య కేంద్రాల పర్మిట్ ముసాయిదాను బహిరంగపరచి, ప్రజల అభిప్రాయానికి కనీసం 30 రోజులు ఇస్తారు, పర్మిట్ అయిదేళ్లకు మించదు. ఆ పద్ధతిలోనూ ఏళ్ల తరబడి సాగే జాప్యాలు ఉన్నాయని పరిశ్రమల వర్గాల ఫిర్యాదు. చుట్టుపక్కల వారికి అంకెలు ముందే తెలియడం దాని బలం.

మన చట్టం కూడా తలుపు పూర్తిగా మూయలేదు. సమ్మతి ఉత్తర్వుల రిజిస్టరును మండలి నిర్వహించాలని, వాటివల్ల ప్రభావితులయ్యే వారెవరైనా దాన్ని చూడవచ్చని 51వ సెక్షన్ చెబుతుంది. కాగితం ఇచ్చే ముందు అడిగే హక్కు లేకపోయినా, ఇచ్చాక చదివే హక్కు ఉందన్నమాట.

తనిఖీ గురించి మూడు వైపుల వాదన

మిల్లర్ల వాదన ఇది. సీజను వ్యాపారం, అప్పుల మీద నడిచే వ్యాపారం. ప్రభుత్వానికి ఆడించి ఇచ్చే బియ్యానికి వచ్చే మర ఆడింపు చార్జీలతో బ్యాగ్ ఫిల్టరు ఖర్చు కిట్టదు. మిల్లు ముందు వచ్చింది, కాలనీ తర్వాత వచ్చింది. తనిఖీ పేరుతో వచ్చే ప్రతి రాకకూ ఒక ఖర్చుంటుంది. నివాసితుల వాదన మరోలా ఉంటుంది. తనిఖీ రోజున మాత్రమే నియంత్రణ పరికరం తిరుగుతుంది, రాత్రిళ్లు ఆపేస్తారు. గొట్టం నమూనా తీసేది గంటసేపే, తాము పీల్చేది సీజనంతా. మండలి వైపు నుంచి వినిపించేది సిబ్బంది కొరత. ఒక ప్రాంతీయ కార్యాలయం కింద ఉన్న పరిశ్రమలన్నిటినీ కొద్దిమంది ఇంజనీర్లు చూడాలి.

స్వీయ ధ్రువీకరణతో గడువు పొడిగించే ఆటో రెన్యువల్ పద్ధతిని ఈ నేపథ్యంలోనే తెచ్చారు. యజమాని తన షరతులు పాటిస్తున్నానని, ఉత్పత్తి పెంచలేదని రాసిస్తే కొత్త తనిఖీ లేకుండా సమ్మతి పొడిగిస్తారు. దీనివల్ల సిబ్బంది సమయం ఎక్కువ ప్రమాదమున్న పరిశ్రమల మీద పెట్టవచ్చన్నది సమర్థకుల మాట. తనిఖీ లేని పొడిగింపు తప్పుడు ప్రకటనకు ఆహ్వానమన్నది విమర్శకుల మాట. ఇందులో ఎవరిది నిజమో తేల్చేది పొడిగించిన తర్వాత ఎన్నిటిని ఆకస్మికంగా పరీక్షించారన్న లెక్కే. ఇదే దారిలో 2024 నవంబరులో కేంద్రం వైట్ వర్గం పరిశ్రమలను సమ్మతి నుంచి మినహాయించింది. పర్యావరణ అనుమతి పొందిన ప్రాజెక్టులకు విడిగా సీఎఫ్‌ఈ అవసరం లేకుండా చేసింది. సీఎఫ్‌ఓ మాత్రం వాటికీ ఉంది.

షరతు తప్పితే ఏమవుతుంది

ఉల్లంఘన తేలితే మండలి ముందు సంజాయిషీ నోటీసు ఇస్తుంది. ఆ తర్వాత చేతిలో ఉన్న బలమైన ఆయుధం 1987లో చేర్చిన 31ఏ సెక్షన్: మూసివేత ఆదేశం, కరెంటు, నీటి సరఫరా నిలిపివేత ఆదేశం దీని కిందే వస్తాయి. ఈ ఆదేశంపై మొదట 31వ సెక్షన్ కింద అప్పీలేట్ అథారిటీకి, దాని నిర్ణయంపై జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. మూసివేత మొద్దు ఆయుధం కూడా. సీజను మధ్యలో మిల్లు మూస్తే ధాన్యం అమ్ముకున్న రైతు, హమాలీ, డ్రైవరు అందరూ నష్టపోతారు గనుక అధికారులు దాన్ని వాడటానికి వెనకాడతారు. వెనకాడతారని తెలిసిన యజమాని నోటీసును తేలిగ్గా తీసుకునే ప్రమాదమూ ఉంది.

2023 నాటి జన విశ్వాస్ చట్టం వాయు చట్టంలోని శిక్షలను మార్చింది. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ మార్పుతో చాలా ఉల్లంఘనలకు జైలు శిక్ష స్థానంలో 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా వచ్చింది, దాన్ని కోర్టు కాక ప్రభుత్వం నియమించే అడ్జుడికేటింగ్ (విచారణ జరిపి తేల్చే) అధికారి నిర్ణయిస్తారు. కోర్టులో ఏళ్లు పట్టే కేసు కంటే త్వరగా పడే జరిమానా నయమని కొందరు, పెద్ద పరిశ్రమకు 15 లక్షలు ఒక ఖర్చు పద్దు మాత్రమేనని మరికొందరు అంటారు.

జరిమానాకు తోడు పర్యావరణ పరిహారం అనే మరో లెక్క ఉంది. కేంద్ర మండలి సూత్రంలో అయిదు అంశాలను గుణిస్తారు: పరిశ్రమ రంగుకు ఇచ్చిన సంఖ్య, ఉల్లంఘన జరిగిన రోజులు, రూపాయల్లో ఒక గుణకం, పరిశ్రమ పరిమాణం, చుట్టుపక్కల జనాభా. ఆరెంజ్ వర్గానికి 50, ఉల్లంఘన 60 రోజులు, గుణకం 250 రూపాయలు, చిన్న పరిశ్రమ కాబట్టి 0.5, పది లక్షల లోపు జనాభా ఉన్న ఊరు కాబట్టి 1 అనుకుంటే, మొత్తం 3,75,000 రూపాయలు, రోజుకు 6,250. అదే మిల్లు పెద్ద పరిశ్రమ కిందికి వస్తే 0.5 స్థానంలో 1.5 పడి 11,25,000 అవుతుంది.

ఈ పరిహారాన్ని మండళ్లు సొంతంగా విధించవచ్చా లేదా అన్నది చాలాకాలం వివాదంలోనే ఉంది. ఢిల్లీ కాలుష్య నియంత్రణ కమిటీ కేసులో 2025 ఆగస్టు 4న సుప్రీంకోర్టు, 31ఏ సెక్షన్ కింద, జల చట్టంలోని 33ఏ కింద మండళ్లకు ఆ అధికారం ఉందని తీర్పు చెప్పింది. ఆ అధికారానికి ఒక హద్దు కూడా గీసింది: సూత్రాలూ విధానమూ నిబంధనల రూపంలోకి వచ్చాకే దాన్ని ప్రయోగించాలి. అది శిక్షగా వేసే జరిమానా కాదని, జరిగిన లేదా జరగబోయే నష్టాన్ని పూడ్చడానికి వసూలు చేసేదని కూడా కోర్టు వేరుచేసి చెప్పింది. కాబట్టి ఇకమీద నోటీసులో కనిపించే రూపాయల అంకె ఏ నిబంధన కింద వచ్చిందన్నది మిల్లు యజమానికీ అర్జీదారుకూ సమానంగా అవసరమైన ప్రశ్న.